డిక్కీలో ఇటలీ చక్రం

చాపాడు దాటి ప్రొద్దుటూరు వైపు వస్తుంటే నా కారు ముందు టైరులో గాలి పోయింది. ఎలాగో ఈడ్చుకుంటూ రోడ్డు పక్క పంచరు అంగడి దాకా తెచ్చాను. అంగడి మనిషి స్టెప్నీ కోసం డిక్కీ తెరిచి, కాసేపు లోపలికి చూసి, నన్ను పిలిచాడు.

"సార్, ఇదేంది?"

"స్టెప్నీ."

"యా కారు స్టెప్నీ?"

మంచి ప్రశ్న. ఆయన ఆ చక్రాన్ని రెండు చేతులా ఎత్తి కిందికి దించి, నా కారు చక్రం పక్కన నిలబెట్టాడు. తాతకు మనవడి చొక్కా కొలిచి చూసినట్టుంది.

"దీనికీ నాలుగు బోల్టులే, దానికీ నాలుగే. అయినా జన్మకు పట్టదు సార్ ఇది. మీ బండి స్టెప్నీ యాడ?"

"ఇంట్లో ఉంది. మంచం కింద."

మంచానికి పంచరు పడుతుందా అని ఆయన అడగలేదు. మర్యాదస్తుడు. నా వైపు జాలిగా చూసి, పంచరు పని మొదలుపెట్టాడు. నేను ఆ చక్రం పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. దాన్ని నా డిక్కీలో పెట్టించిన మనిషి పోయి ఏడాది కావస్తోంది.

అప్పట్లో నేను పులివెందుల జూనియర్ కాలేజీలో తెలుగు చెప్పేవాణ్ణి. ఊరి బయట చీనీ తోటల మధ్య, అంటే బత్తాయి తోటల మధ్య, ఒక పాత ఇంట్లో ముందు భాగం అద్దెకు తీసుకున్నాను. ఆ ఇంటామెను చుట్టుపక్కలంతా పెద్దమ్మ అనేవాళ్లు. నేనూ అలాగే పిలిచేవాణ్ణి. ఆమె నన్ను "ఐవోరూ" అనేది, అయ్యవారూ అని. పిలుపులో బహువచనం, పనుల్లో ఏకవచనం. "ఐవోరూ, ఈ బకెట్టు అట్ల పెట్టు." వ్యాకరణం చెప్పుకుని బతికేవాణ్ణి గనుక నాకు తప్పు తెలిసేది. బకెట్టు మాత్రం అట్లే పెట్టేవాణ్ణి.

ఇంటి వెనక రేకుల షెడ్డులో ఒక చిన్న ఎర్ర కారు ఉండేది. ఇద్దరు మాత్రమే పట్టే ఇటలీ కారు. పెద్దమ్మ భర్తను అందరూ పెద్దాయన అనేవారు. ఆయన వయసులో ఉన్నప్పుడు మద్రాసులో ఎవరో దొర తన దేశానికి వెళ్లిపోతూ అమ్మితే కొన్నాడట. స్టీరింగు ఎడమ పక్క. అంటే పెద్దాయన నడుపుతుంటే, మన కార్లలో డ్రైవరు ఉండే కుడి వైపున పెద్దమ్మ కూర్చునేది. ఎదురొచ్చేవాళ్లు పెద్దమ్మ కారు నడుపుతోందని, అదీ చేతులు ఒళ్లో పెట్టుకుని నడుపుతోందని అనుకునేవాళ్లట.

"ముద్దనూరులో ఒకాయప్ప సైకిలు దిగి దండం పెట్నాడు ఐవోరూ" అని చెప్పి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది.

నేను చూసేనాటికి ఆ కారు ముందు చక్రాల మీద నిలబడి, వెనక భాగం మాత్రం నాపబండల దొంతరల మీద ఆనుకుని ఉండేది. వెనక రెండు చక్రాలు లేవు. డిక్కీలో స్టెప్నీ ఒకటి ఉంది. అంటే కారు లేచి నిలబడడానికి ఆమెకు కావలసింది ఒకే ఒక్క చక్రం. పెద్దాయన పోయాక ఆమె ఆ ఒక్క చక్రం వెతకడం మొదలుపెట్టింది. నేను ఆ ఇంట్లో చేరాక ఆమెకు వాహనం కూడా దొరికింది. నాకొక చిన్న కారుంది. ఆదివారాలు నాకు పనేమీ ఉండదని ఆమె కనిపెట్టేసింది. సెలవు దినాల్లో తెలుగు లెక్చరరుకు పనేముంటుంది, మిగతా దినాల్లో ఏముంటుందో అదే.

వెతకడానికి నమూనా కావాలి గనుక ఎర్ర కారు స్టెప్నీ నా డిక్కీలోకి వచ్చింది. నా స్టెప్నీ మంచం కిందికి పోయింది. అలా బయలుదేరిన మొదటి రోజే, ఊరి మలుపులో ఒక గుంతలో కారు ఎగిరింది. వెనక చక్రం దబ్బున పడింది.

"మెల్లగా పోనీ ఐవోరూ" అంది పెద్దమ్మ. "ఎనక మనిషి ఉండాడు."

ఆ తరువాత ప్రతి గుంతకూ అదే మాట. నేను వెనక్కి తిరిగి చూడడం మానేయడానికి కొన్ని ఆదివారాలు పట్టింది.

ఇంతకూ అది దొరకని వస్తువు ఎలా అయిందంటే, దానిలాంటిది ఎక్కడ పడితే అక్కడ దొరుకుతుంది గనుక. అదే కంపెనీ నమూనాతో మన దేశంలో తయారైన పాత పెద్ద కారు ఒకటుంది కదా, ఒకప్పుడు టాక్సీలన్నీ అవే. దాని చక్రం ఈ కారుకు పడుతుంది. బోల్టులు సరిగ్గా కూర్చుంటాయి. దూరం నుంచి చూస్తే కవలపిల్లలే. కానీ ఇటలీ చక్రం అర వేలు వెడల్పు ఎక్కువ. దాని చుట్టూ ఉన్న సందులు చింతగింజల్లా కాక పొడుగ్గా, బాదం పప్పుల్లా ఉంటాయి. అన్నిటికీ మించి, రిమ్ము లోపలి వైపు, టైరు చాటున, చేసినవాళ్ల అక్షరాలు మూడు ఉబ్బెత్తుగా ఉంటాయి.

పెద్దమ్మ వాటిని చూసేది కాదు. కొంగుతో రిమ్ము తుడిచి, చూపుడు వేలు లోపలికి పెట్టి, కళ్లు మూసుకునేది. గుడిలోనైనా ఆమె అంత శ్రద్ధగా కళ్లు మూసుకోగా నేను చూడలేదు. వేలు చుట్టూ తిరిగి వచ్చాక కళ్లు తెరిచి తీర్పు చెప్పేది: "మొగం అదే ఐవోరూ, ముక్కు వేరే."

గణాలు కుదిరాయి, యతి కుదిరింది, పద్యం మాత్రం కాలేదు అన్నమాట. ఇలాంటివి నేను రోజూ చూస్తుంటాను. చాలా వరకు నేను రాసినవే.

ఆమె కొడుకు తోట చూసుకునేవాడు. మంచివాడే. ఆ షెడ్డు ఖాళీ అయితే డ్రిప్పు పైపులు పెట్టుకోవాలని ఆయన ఆశ.

"అమ్మా, ఆ పాత టాక్సీ చక్రాలు రెండు తెచ్చి బిగిచ్చేస్తే పాయె గదా. తిరుగుతాది, పక్కకు తోసుకుంటాం."

"నీ కాళ్లు తీసి ఎవురివన్నా పెడతా, తిరుగుతావేమో సూడు."

కొడుకు నా వైపు చూసేవాడు, మధ్యవర్తిత్వం చేస్తానేమోనని. నేను ఆకాశం వైపు చూసేవాణ్ణి, వాన వస్తుందేమోనని. ఇద్దరి ఆశా ఎప్పుడూ తీరలేదు.

ప్రొద్దుటూరులో ఒక గుజిరీ అంగడి ఉంది. పాత ఇనుమంతా అక్కడికే చేరుతుంది. యజమాని మమ్మల్ని చూడగానే బెంచీ తుడిచేవాడు.

"రా పెద్దమ్మా, ఈతూరి మంచి సంబంధం చూసి పెట్నా."

"ఇంటిపేరు చూడంది మాట ఇయ్యను భాయ్."

చక్రం వచ్చేది. కొంగు, వేలు, కళ్లు మూసుకోవడం.

"ఈడ మూడు అచ్చరాలు ఉండల్ల. రెండే ఉండాయి."

"ఒకటి తుప్పు తినేసింటాది లే పెద్దమ్మా."

"తుప్పు తింటే గుంత ఉంటాది. ఈడ నున్నగా ఉండాది. దీనికి పుట్టుకతోనే లేదు."

"యా అల్లా! నీ ఇంట్లో అల్లుణ్ణి ఎట్ల ఎతికినారో గానీ, ఆ పిల్లోడు శానా కష్టపడింటాడు."

ఆమె ఒక్కోసారి తప్పేది కూడా. ఒకసారి కమలాపురంలో ఒక చక్రం దగ్గర కళ్లు తెరిచి, "ఇదే" అంది. నా డిక్కీలోదాన్ని దించి పక్కన పెట్టి, పుల్లతో కొలిస్తే అర వేలు తక్కువ. అక్షరాలనుకున్నవి పాత రంగు పెచ్చులు. తిరిగి వస్తూ దారిలో కారు పక్కకు ఆపాను. నేను ఓదార్పుగా, ఫోనులో ఇలాంటి చక్రాల ఫొటోలు చాలా ఉన్నాయని, విదేశాల్లో దొరుకుతాయని చూపించబోయాను.

"ఫోన్లో చక్రానికి బరువుండదు ఐవోరూ" అని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

ఒక చక్రం కోసం ఇంత వెతుకులాట ఎందుకో నాకు ఆ మరుసటి రోజు సాయంత్రం చెప్పింది. షెడ్డు నీడలో కూర్చుని శనక్కాయలు ఒలుస్తున్నాం. అంటే ఆమె ఒలుస్తోంది, నేను తింటున్నాను.

పెద్దాయన నడుము ఆపరేషనుకు మద్రాసు వెళ్లి ఎండాకాలమంతా అక్కడే ఉండిపోయిన ఏడు అది. తోటలో బోర్లు ఎండిపోయాయి. కాపుకొచ్చిన చీనీ చెట్లు. రెండు మైళ్ల అవతల ఒక బావిలో మాత్రం నీళ్లున్నాయి. నీళ్ల ట్యాంకు పెట్టి ఎద్దుల బండి తోలితే బరువుకు కొయ్య చక్రాలు విరిగాయి. టైరు చక్రాలు కావాలన్నాడు కమ్మరి. ఆ కరువులో అందరికీ నీళ్ల బండ్లే కావలసి రావడంతో తాలూకాలో ఒక్క టైరు చక్రం మిగల్లేదు.

"చెట్ల దిక్కు చూస్తి. కారు దిక్కు చూస్తి" అంది పెద్దమ్మ. "చెట్లు ఆకులు ముడుచుకుంటాండాయి. కారు ఊరికే కూచోనుండాది. ఇప్పదీయండ్రా ఎనకటివి రెండూ అంటి."

ఇటలీ చక్రాల మీద ఆ ఎండాకాలమంతా నీళ్లు వచ్చాయి. చెట్లు బతికాయి. పెద్దాయన మద్రాసు నుంచి వచ్చి, చేతికర్ర ఊతంతో షెడ్డు దాకా నడిచి, బండల మీద ఉన్న కారును చూశాడు.

"ఏమన్నాడు?" అని అడిగాను.

"'చెట్లు?' అన్న్యాడు. 'ఉండాయి' అంటి. 'సరే' అన్న్యాడు. అంతే ఐవోరూ. బతికినన్నాళ్లూ మళ్ల ఆ కారు మాటే ఎత్తల్యా. షెడ్డు దిక్కే పోల్యా. తిట్టింటే బాగుండు. ఒక్క మాట అనింటే నేనూ ఒక మాట అనేదాన్ని."

కొన్నేళ్లకు ట్రాక్టరు వచ్చాక ఆ బండిని కొడుకు సంతలో అమ్మేశాడు. కొన్నవాడు మరొకరికి అమ్మాడు. బండి జాడ పోయింది. ఆమె ఒలిచిన గింజలు చేటలో పోసి, పొట్టు ఊది, "ఆయప్ప కారు ఆయప్ప కాళ్ల మింద నిలబడల్ల. నేను పొయ్యేలోగా" అంది. ఆ మాట తరువాత నేను గింజలు తినలేకపోయాను. చాలావరకు అయిపోయాయి కూడా.

జాడ చెప్పింది చివరికి గుజిరీ భాయే. జమ్మలమడుగు పక్క ఒక పల్లెలో చర్చి వాళ్ల బండి కింద అలాంటి బాదం సందుల చక్రాలు చూశానన్నాడు. ఆ ఆదివారం ఆరాధన ముగిసే వేళకు చేరుకున్నాం. దారి పొడుగునా ఆమె వెనక మనిషి గురించి ఒక్కసారి కూడా హెచ్చరించలేదు. నేనే గుంతలు చూసుకుని నడిపాను.

సంఘపెద్ద ఒక ముసలాయన. తెల్ల చొక్కా, చేతిలో బైబిలు. బండి చూడాలంటే చర్చి వెనక వేపచెట్టు కిందికి తీసుకుపోయాడు. ఎద్దులు లేని బండి, కాడి నేల మీద ఆన్చి ఉంది. నల్లరంగు పూసిన పలకలు. రెండు పక్కలా తాడు కట్టడానికి కొక్కేలు.

"ఎవురన్నా పోతే పెట్టెను దీంట్లోనే సమాధుల కాడికి తీస్కపోతామమ్మా" అన్నాడు. "మా యమ్మ దీంట్లోనే పోయింది. మా ఇంటామెనూ దీంట్లోనే తీస్కపోతిమి. కుదుపుండదు. టైరు చక్రాలు గదా, మనిషికి నొప్పి తెలీదు."

పెద్దమ్మ బండి పక్కన చతికిలబడింది. కొంగుతో రిమ్ము తుడిచింది. వేలు లోపలికి పోనిచ్చి కళ్లు మూసుకుంది. ఈసారి వేలు చుట్టూ తిరగలేదు. ఒక చోట ఆగిపోయింది. ఆగి, మళ్లీ వెనక్కి వచ్చి, మళ్లీ అక్కడే ఆగింది.

"మూడు" అంది, కళ్లు తెరవకుండానే.

సంఘపెద్ద నవ్వాడు. "ఇదేంది తల్లీ, ఆయప్ప మాదిరే చేస్తాండావే!"

"ఏ ఆయప్ప?"

"శానా ఏండ్లాయెలే. పొడుగాటాయన, చేతికర్ర. బస్సు దిగి నడ్సుకుంటా వచ్చినాడు. ఇట్లనే కూచోని, ఇట్లనే ఏలు పెట్టి, ఇట్లనే కండ్లు మూసుకున్యాడు. ఎవురప్పా నువ్వు అంటే చెప్పల్యా. కావల్లంటే తీస్కపో, బదులు ఏవన్నా రెండు చక్రాలు ఇయ్యి అంటి. వొద్దన్న్యాడు. లోపల చూపిచ్చినాడు. ఇంగ పనికి రావు లే అన్న్యాడు. బాగా కందెన పెట్టుకోండి అని చెప్పి పాయె."

పెద్దమ్మ రిమ్ములోంచి వేలు తీసింది. చేతికర్ర మనిషి ఏం చూపించాడో చూపించమంది. ముసలాయన, నేను, ఇంకొకాయన కలిసి బండి ఎత్తి చక్రం తీశాం. వెనక్కి తిప్పితే అర్థమైంది. బండి ఇరుసు పట్టడానికి ఆనాడు కమ్మరి చక్రం నడుమ గ్యాసుతో కోసేశాడు. నాలుగు బోల్టు రంధ్రాలూ కలిసిపోయి ఒకే పెద్ద గుండ్రటి బొక్క. ఏ కారుకూ ఇక ఆ చక్రాన్ని బిగించలేరు. మాకు దొరికే చక్రాలన్నీ పట్టేవి, అసలువి కావు. అసలువి ఇవి, పట్టవు.

ఆమె ఆ కోత అంచు మీద వేలితో నిమిరింది.

"కమ్మరాయన అడిగినాడు" అంది, ఎవరితోనో చెబుతున్నట్టు. "'బొక్క పెద్దది చెయ్యల్లమ్మా' అని. 'ఏమన్నా జెయ్, నీళ్లు రావల్ల' అంటి."

కాసేపటికి చేతులు దులుపుకుని లేచింది. "బిగిచ్చేయప్పా. కందెన ఎండిపోయినట్లుండాది, పెట్టండి" అంది. ముసలాయన తల ఊపాడు. అంతకుముందొకాయన చెప్పిన మాటే ఆమె కూడా చెప్పిందని ఆయనకు తోచిందో లేదో తెలియదు. నాకు తోచింది, ఆమె మొహం వైపు చూడలేకపోయాను.

పెన్నా వంతెన దాటాం. ఏదో ఒకటి అనాలి కదా అని, "పెద్దాయనకు కోపం లేనట్టుంది పెద్దమ్మా" అన్నాను. తెలుగు పాఠం చెప్పేవాడి దగ్గర అంతకంటే మంచి వాక్యం లేదు, ఆ పూటకు.

"ఆ ఏలు పెట్టి చూసేది నాకు నేర్పిచ్చింది ఆయప్పే ఐవోరూ. కొత్తలో కారు కడుగుతా, నా చెయ్యి పట్టుకోని ఆ అచ్చరాల మింద పెట్నాడు. ఇది దాని ఇంటిపేరు అన్న్యాడు." కిటికీ అద్దం కిందికి దించింది. "నడుము నొప్పితో బస్సెక్కి అంత దూరం పోయినాడు. పోయి, చూసి, వచ్చి, నాకు చెప్పల్యా. చెప్తే నేను ఏడుస్తానని. నేనేమో ఆయప్ప ఒక్క మాట అనలేదని ఇన్నేండ్లు ఏడిస్తి."

ముద్దనూరు దగ్గర ఒక గుంతలో పడ్డాం. వెనక చక్రం దబ్బుమంది. ఆమె ఏమీ అనలేదు.

ఇంటికి చేరాక కొడుకును పిలిచి, "ఆ టాక్సీ చక్రాలు తెచ్చి ఎయ్యిరా" అంది. కొడుకు నమ్మలేక రెండుసార్లు అడిగాడు. ఒక పక్క స్టెప్నీ వేస్తానన్నాడు గానీ వచ్చిన కార్ల మేస్త్రీ ఒప్పుకోలేదు. వెనక ఒకటి వెడల్పు, ఒకటి సన్నం అయితే బండి ఒరుగుతుందన్నాడు. "రెండూ ఒక జతే ఉండనీ" అంది పెద్దమ్మ. స్టెప్నీ దించడానికి నేను డిక్కీ తెరిస్తే చెయ్యి అడ్డం పెట్టింది. "ఉండనీలే. ఈడ దానికి పని లేదు. నీతో తిరగనీ."

బండలు తీసేసి, చాలా ఏళ్లకు ఆ కారును నేల మీదికి దించారు. తోసి షెడ్డు బయటికి తెచ్చారు. పెద్దమ్మ వచ్చి తలుపు తీసుకుని కుడి వైపు సీట్లో కూర్చుంది. చేతులు ఒళ్లో పెట్టుకుంది. కొడుకు ఎడమ పక్క నిలబడి కిటికీలోంచి స్టీరింగు పట్టుకున్నాడు. ఆ సీట్లో ఎవరూ కూర్చోలేదు. కూర్చోమని ఆమె అనలేదు. మేమిద్దరం, మేస్త్రీ కలిసి గేటు దాకా తోశాం. ఆమె తల బయటికి పెట్టి వెనక చక్రం తిరగడం చూస్తోంది.

"ఊగుతాంది" అంది.

"తిరుగుతాండాది గదమ్మా" అన్నాడు కొడుకు ఆయాసంతో.

ఆమె తల లోపలికి తీసుకుంది. ఎదురుగా, గేటు అవతల, రోడ్డు వైపు చూస్తూ, "తిరగనీ" అంది.

చీనీ పూత రాలే రోజుల్లో ఆమె పోయింది. అప్పటికి నాకు ప్రొద్దుటూరు బదిలీ అయింది. కబురు తెలిసి వెళ్లేసరికి తోటలో పెద్దాయన పక్కనే మట్టి తడిగా ఉంది. షెడ్డులో సగం పైపులు, సగం కారు. కొడుకు కాఫీ ఇచ్చి, "దించేసి పో సార్, ఆ చక్రం నీకెందుకు బరువు" అన్నాడు. సరే అన్నాను. వచ్చేటప్పుడు మర్చిపోయాను. మర్చిపోవడం నాకు చేతనైన కొద్ది పనుల్లో ఒకటి.

"అయిపాయె సార్" అన్నాడు పంచరు మనిషి, చేతులు తుడుచుకుంటూ. "ఇది ఈడనే ఇడ్సిపోండి, గుజిరీకి ఏస్తా. మీ స్టెప్నీ తెచ్చి పెట్టుకోండి. దావలో ఏమన్నా అయితే ఎట్ల?"

"వద్దప్పా. లోపల పెట్టు."

"దీంతో ఏం పని సార్?"

టైరును బొటనవేలితో నొక్కి చూశాను. "గాలి కొట్టు" అన్నాను.

ఆయన ఆ పాత టైరును, దాని పగుళ్లను చూసి, "నిలబడదు సార్" అన్నాడు.

"నిలబడినంతసేపు."

కొట్టాడు. ఆయన మిషను దగ్గరికి పోయినప్పుడు నేను రిమ్ము తుడిచి, వేలు లోపలికి పెట్టి, కళ్లు మూసుకున్నాను. మూడు ఉన్నాయి. కళ్లు తెరిచేసరికి ఆయన నన్నే చూస్తున్నాడు. ఏమీ అడగలేదు. చెప్పానుగా, మర్యాదస్తుడు.

ప్రొద్దుటూరు పొలిమేరలో స్పీడ్ బ్రేకరు వచ్చింది. వెనక బస్సువాడు హారను మీద హారను కొడుతున్నాడు. నేను కారును దాదాపు ఆపేసి, ముందు చక్రాలు ఒకసారి, వెనక చక్రాలు ఒకసారి, మెల్లగా దాటించాను. బస్సు పక్కకొచ్చింది. డ్రైవరు కిటికీలోంచి తల పెట్టి అరిచాడు.

"ఏంది సార్, నడ్సుకుంటా పోతాండావా?"

ఏం చెప్పను? వెనక మనుషులున్నారు.